మంచె మీద సఫారీ

మా నెల్లూరులో మొన్నమొన్నటి దాకా సఫారీ అంటే ఒక జత బట్టలు. ఒకే తానులోంచి పొట్టి చేతుల చొక్కా, ప్యాంటు, పైన రెండు జేబులు, కింద రెండు జేబులు. ఉద్యోగంలో ఒక మెట్టు ఎక్కినవారు, కూతురి పెళ్లి కుదిరినవారు కుట్టించుకునేవారు. మా బావగారికీ బూడిద రంగుది ఒకటి ఉండేది. స్వాహిలీ భాషలో ఆ మాటకు ప్రయాణం అని అర్థమట. కెన్యా వెళ్లివచ్చాక ఈ సంగతి ఆయనే చెప్పారు. ఇప్పటికి పదకొండు సార్లు చెప్పారు.

బావగారు కెన్యాలోని మసాయి మారా అభయారణ్యం చూసి వచ్చిన నాటి నుంచి మా ఇంట్లో రాత్రి భోజనాలు ఆలస్యమవుతున్నాయి. ముందు ఫొటోలు చూడాలి. చెట్టు కింద పడుకున్న సింహం. అదే సింహం అటు తిరిగి పడుకున్నది. రోజుకు 20 గంటల దాకా నిద్రపోయే జంతువును చూడటానికి ఈయన తెల్లవారుజామున నాలుగున్నరకు లేచారు. దాని చుట్టూ పద్నాలుగు జీపులు. "ఇంతమంది వస్తే లేచి కూర్చోలేదా?" అని మా అక్క అడిగింది. ఇంటికి వచ్చినవారిని పలకరించని జీవాలంటే అక్కకు మొదటి నుంచీ గిట్టదు.

ఏనుగు, సింహం, చిరుత, ఖడ్గమృగం, అడవిదున్న, ఈ ఐదూ చూస్తే గాని యాత్ర ఫలం దక్కదని అక్కడి నియమం. ఈ జాబితా వేసింది జంతుశాస్త్రవేత్తలు కారు, వేటగాళ్లు. కాలినడకన వెళ్లి కొట్టడానికి ఏవేవి కష్టమో లెక్కవేసుకుని పెట్టుకున్న పట్టీ అది. తుపాకి పోయి కెమెరా వచ్చింది, పట్టీ మాత్రం మారలేదు. బావగారికి ఖడ్గమృగం ఒక్కటే తప్పిపోయింది. కాజీరంగా వెళ్లి ఆ లోటు తీర్చుకుంటానన్నారు. ఆఫ్రికాలోదానికి కొమ్ములు రెండు, అస్సాంలోదానికి ఒకటే, కాబట్టి సగమే జమ అవుతుందని నేనన్నాను. ఆయన కాసేపు నిజంగానే ఆలోచించారు.

ఇంకో ఫొటోలో ఎర్ర దుప్పట్లు కప్పుకున్న మసాయి తెగ యువకులు గాల్లోకి ఎగురుతుంటే, వారి మధ్య ఈయన అరడుగు ఎగిరి ఉన్నారు. సరిహద్దుకు అవతల టాంజానియాలో సెరెంగెటీని 1951లో జాతీయ వనం చేశారు. తరతరాలుగా అక్కడ పశువులు కాసుకున్న మసాయి వారిని 1959లో బయటికి, ఎన్‌గోరోంగోరో వైపు పంపించేశారు. తమ నేలను చూడవచ్చినవారికి ఇప్పుడు వారిలో కొందరు విడిది గుడారాల ముందు ఎగిరి చూపిస్తున్నారు. బావగారికి ఆ నాట్యం ప్యాకేజీలోనే కలిసి వచ్చిందట.

ఇక మన వైపు సంగతి. రాష్ట్రంలో జాతీయ వనాలు మూడు, శ్రీ వేంకటేశ్వర, పాపికొండలు, కడప జిల్లా రామేశ్వరం. నెల్లూరుకు ఆ భాగ్యం లేదు. నేలపట్టు పక్షుల కేంద్రం ఉందని చెప్పుకునేవాళ్లం. కడప చెట్లు సగం దాకా నీళ్లలో మునిగి నిలబడితే, వాటి మీద గూడబాతులు గూళ్లు కట్టి పిల్లలను పెంచుతాయి. రెట్ట కలిసిన ఆ చెరువు నీరు పారితే చేను బలిసి పండుతుందని ఊరివారు వాటిని అతిథుల్లా చూసుకుంటారు. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు సూళ్లూరుపేటతో పాటు అదీ తిరుపతి జిల్లాకు వెళ్లిపోయింది. ఆ సంగతి పక్షులకు తెలియజేసినట్టు లేదు, పాత అలవాటు ప్రకారం అక్కడికే వస్తున్నాయి. మా ఇంటి నుంచి రెండు గంటల దారి. బావగారు ఇంతవరకు వెళ్లలేదు. వీసా అవసరం లేని చోట ఏముంటుందని ఆయన అభిప్రాయం.

ఇప్పుడు ప్రభుత్వం వారికి నా విన్నపం. మనకు మిగిలింది శ్రీ పెనుసిల నరసింహ అభయారణ్యం. పెంచలకోన చుట్టూ వెలికొండల మీద, కడప జిల్లాతో కలుపుకుని వెయ్యి చదరపు కిలోమీటర్లకు పైగా ఉంది. 1997లో ప్రకటించారు. దాని అంచున ఉన్న వేరుశనగ చేలన్నింటినీ తక్షణం అంతర్జాతీయ సఫారీ కేంద్రాలుగా గుర్తించాలి. హామీతో జంతువును చూపించగల చోటు ప్రపంచంలో ఇదొక్కటే. మారాలో డబ్బు కట్టినా ఖడ్గమృగం రాలేదు. రాపూరు వైపు కాయ ఊరిందంటే అడవిపంది రాకుండా ఉండటమే కష్టం.

ఆఫ్రికాలో చెట్టు మీద గది కట్టి, ఒక రాత్రికి మన ఎకరా కౌలు వసూలు చేస్తారు. మా పెద్దమ్మ కొడుకు అన్నయ్య చేలో అదే వసతి ఉంది. నాలుగు గుంజలు, వాటి మీద అల్లిన కర్రలు, తాటాకు కప్పు, ఒక నులక మంచం. దీన్ని మంచె అంటారు. కింద చేను చుట్టూ పాత చీరలు కట్టారు. రాత్రి గాలికి కొంగులు లేస్తే ఎవరో ఆడవాళ్లు నిలబడ్డారని పంది జంకుతుందట. చీరల మధ్య తీగకు ఖాళీ సీసాలు, ఒక్కో సీసాకు ఒక ఇనుప మేకు. కుక్క అరుపులు రికార్డు చేసిన చిన్న మైకు కూడా పెట్టారు గాని, అందులో ఉన్నది ఒకే కుక్క అని నాలుగో రోజుకే పందులకు తెలిసిపోయింది.

అన్నయ్య పంట నష్టానికి దరఖాస్తు పెట్టుకుంటే, తిన్నది పందే అనడానికి రుజువుగా ఫొటో తెమ్మని ఒక కార్యాలయంలో అడిగారు. ఒక చేతిలో టార్చిలైటు, ఒక చేతిలో రేకు డబ్బా పట్టుకున్న మనిషికి మూడో చెయ్యి ఎక్కడిది? అందుకని బావగారిని, మోచేయి పొడవున్న ఆయన లెన్సును రమ్మన్నారు. తోడు నేను వెళ్లాను.

అక్కడివారికి జంతువుల సంగతి ఎవరూ నేర్పనక్కరలేదు. పద్దెనిమిది వందల నలభైలలో నెల్లూరులో సివిల్ సర్జనుగా పనిచేసిన జెర్డన్ దొర పక్షుల గురించి, పాముల గురించి తెలుసుకున్నది మన యానాదులను అడిగే. ఇంగ్లిషులో ఆయన పేరు మోస్తున్న కలివికోడి అనే పక్షి అంతరించిందని అందరూ అనుకున్నాక, 1986లో కడప జిల్లాలో మళ్లీ చేతికి చిక్కించినదీ ఒక పల్లెటూరి వేటగాడే. బావగారు మాత్రం మంచె ఎక్కగానే అన్నయ్యకు మెల్లగా మాట్లాడాలని, కదలకూడదని బోధించారు. అన్నయ్య సరే బావా అని డబ్బా పక్కన పెట్టారు.

పదింటికి దోమలు వచ్చాయి. పన్నెండుకు బావగారు కాఫీ ఏర్పాటు గురించి అడిగారు. రెండు దాటాక కింద సీసా ఒకటి టింగుమంది. తరువాత చప్పుడు, మెత్తటి నేలను ఎవరో పలుగుతో పెళ్లగిస్తున్నట్టు, మధ్య మధ్య పచ్చి కాయలు నమిలే చప్పుడు. ఒకటి కాదు, పిల్లలతో కలిపి మంద. అన్నయ్య చెయ్యి డబ్బా మీదికి వెళ్లింది. "కొట్టకు, కొట్టకు, వెలుగు సరిపోవడం లేదు," అన్నారు బావగారు. వెలుగు సరిపెట్టుకునే లోపల రెండు సాళ్లు పోయాయి. అప్పుడు డబ్బా మోగింది, పందులు చీరలను ఈడ్చుకుంటూ చీకట్లో కలిశాయి.

తెల్లవారి చూస్తే నలభై మూడు ఫొటోలు. నలభై రెండు నలుపు. ఒకదానిలో రెండు పసుపు చుక్కలు, ఒక చీర అంచు. అవి పంది కళ్లేనని బావగారు సంతకం చేసి ఇస్తానన్నారు. కార్యాలయం వారు పరిశీలిస్తామన్నారు.

జరిగిన నష్టానికి బావగారు నొచ్చుకుని ఏదైనా సాయం చేస్తానంటే, అన్నయ్య డబ్బు వద్దని, దిష్టిబొమ్మకు తొడగడానికి పాత బట్టలుంటే పంపమన్నారు. మా అక్క బీరువా వెతికి బూడిద రంగు జత తీసి ఇచ్చింది. రాపూరు వైపు చేలల్లో ఇప్పుడు రాత్రింబవళ్లు సఫారీలో ఉన్నది ఆ బొమ్మ ఒక్కటే.