సెప్టెంబరు 17 ఒక్కరోజులో ఇన్ని జరగలేదు

సెప్టెంబరు రెండో వారం వచ్చిందంటే నల్లగొండ, సూర్యాపేట, పాలమూరు వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే పోస్టు తిరుగుతుంది. పైన ‘చరిత్రలో ఈ రోజు’ అని ఉంటుంది. కింద నిజాం చేతులు జోడించి నిలబడ్డ ఫొటో. అందులో చెప్పేది ఇది: 1948 సెప్టెంబరు 17న నిజాం విలీన పత్రం మీద సంతకం పెట్టి సర్దార్ పటేల్‌కు లొంగిపోయాడు. ఆ రోజుతో నిజాం పాలన పోయింది. రైతుల పోరాటం ముగిసి దొరల భూములు రైతులకు దక్కాయి. ఇదంతా ఒక మతం మీద ఇంకో మతం సాధించిన గెలుపు, అదీ చుక్క రక్తం చిందకుండా. ఈ మధ్య బడి పిల్లల ఉపన్యాసాలకు కూడా ఇదే రాయిస్తున్నారు కాబట్టి ఒక్కొక్క మాటా తీసి చూడక తప్పదు.

సెప్టెంబరు 17 చిన్న రోజేమీ కాదు. ఆ సాయంత్రం రేడియో విన్న ఊళ్లలో జనం ఊపిరి పీల్చుకున్నారు. రజాకార్లు (నిజాం రాజ్యం కోసం ఆయుధాలు పట్టిన ప్రైవేటు సేన) తగలబెట్టిన ఇళ్లు, ఊచకోతలు, ఆడవాళ్ల మీద జరిగిన అఘాయిత్యాలు అన్నీ నిజాలే. ఆ రోజును విమోచనం అనాలా, విలీనం అనాలా, సమైక్యత అనాలా అని పార్టీలు ఏటా తగువు పడతాయి. నేను ఆ తగువులోకి పోవడం లేదు. ఆ రోజు ఏం జరిగింది, ఏం జరగలేదు అన్నదే నా పట్టింపు.

సంతకం సంగతి ముందు. సెప్టెంబరు 13న భారత సైన్యం హైదరాబాద్ సంస్థానంలోకి దిగింది. ప్రధాన దళం షోలాపూర్ వైపు నుంచి వచ్చింది, ఇంకో దళం బెజవాడ వైపు నుంచి. మన నల్లగొండ జిల్లా చూసింది ఈ రెండో దళాన్నే. కోదాడ, సూర్యాపేట, నార్కట్‌పల్లి దాని దారి. వెనక్కి తగ్గుతూ నిజాం సైన్యం సూర్యాపేట దగ్గర మూసీ వంతెనను పేల్చేసినా, దాన్ని బాగుచేసుకుని దళం ముందుకు సాగింది. 17న నిజాం ప్రధాని లాయక్ అలీ మంత్రివర్గం రాజీనామా చేసింది. సాయంత్రం నిజాం కాల్పుల విరమణ ప్రకటించాడు. ఆ రోజు జరిగింది ఇంతే. నిజాం సేనాధిపతి ఎల్ ఎద్రూస్ మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి ముందు లాంఛనంగా లొంగిపోయింది మర్నాడు, 18న. పోస్టు చెప్పే విలీన పత్రం మీద 17న ఏ సంతకమూ పడలేదు. భారత రాజ్యాంగమే తన సంస్థానానికీ రాజ్యాంగమని నిజాం ఫర్మానా (రాజాజ్ఞ) ఇచ్చింది 1949 నవంబరులో. మధ్యలో పద్నాలుగు నెలలు గడిచాయి.

ఇక ఆ ఫొటో. పటేల్ హైదరాబాద్ వచ్చింది 1949 ఫిబ్రవరిలో. బేగంపేట విమానాశ్రయంలో నిజాం ఆయనకు ఎదురొచ్చి నమస్కారం పెట్టినప్పుడు తీసింది. లొంగుబాటు జరిగిన నాడు పటేల్ హైదరాబాద్‌లో లేడు.

నిజాం పాలన ఆ రోజే పోయిందన్నది సగం నిజం. అధికారం చౌధురి చేతికి, సైనిక గవర్నర్‌గా, వెళ్లింది. నిజాం మాత్రం గద్దె దిగలేదు, ఊరు విడవలేదు. 1950 జనవరి 26న ఆయనే హైదరాబాద్ రాష్ట్రానికి రాజప్రముఖ్ (గవర్నర్ లాంటి పదవి) అయ్యాడు. రాజభరణం తీసుకుంటూ 1956 అక్టోబరు 31 దాకా ఆ పదవిలో ఉన్నాడు. జనం ఓట్లతో ఏర్పడిన మొదటి ప్రభుత్వం 1952 మార్చిలో వచ్చింది. దానికి ముఖ్యమంత్రి మన పాలమూరు బిడ్డ బూర్గుల రామకృష్ణారావు. అంతకు ముందు రెండేళ్లు నడిపింది వెల్లోడి అనే ఐసీఎస్ అధికారి. సెప్టెంబరు 17తోనే ప్రజల రాజ్యం వచ్చేసిందని పిల్లలకు చెబితే ఈ మూడున్నరేళ్లు ఎక్కడ పెట్టాలి?

నాకు అన్నిటికంటే బాధ కలిగించేది భూముల మాట. నల్లగొండ జిల్లా కథంతా అందులోనే ఉంది, పోస్టు దాన్ని ఒక్క వాక్యంలో తుడిచేసింది.

దొరల మీద రైతుల పోరాటం సైన్యం రాకతో మొదలైంది కాదు. 1946 జూలై 4న కడవెండిలో భూస్వామి విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల తుపాకీ గుండుకు, కమ్యూనిస్టులు నడిపిన ఆంధ్ర మహాసభ సంఘం కార్యకర్త దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. కడవెండి అప్పుడు నల్లగొండ జిల్లా జనగామ తాలూకాలో ఉండేది. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన కౌలు భూమి మీద పంటను అదే దేశ్‌ముఖ్‌కు దక్కనీయకుండా సంఘం అండతో ఇంటికి చేర్చుకుంది. వెట్టి చాకిరీ, ధాన్యం వడ్డీకిచ్చే నాగు అప్పులు, దొర గడీ ముందు చెప్పులు విడిచి నడవడం. వీటి మీదనే గుత్పలు (దుడ్డుకర్రలు) లేచాయి. రజాకార్లతో యుద్ధం ఆ తర్వాత వచ్చి దానికి కలిసింది.

సైన్యం వచ్చాక ఏమైంది? పట్నం పారిపోయిన దేశ్‌ముఖులు చాలామంది మిలిటరీ వెనకాలే ఊళ్లకు తిరిగొచ్చారు, ఈసారి కాంగ్రెస్ తెల్ల టోపీలతో. రైతులు పంచుకున్న భూములు మళ్లీ లాక్కున్నారు. సంఘం వాళ్లను జైళ్లలో, క్యాంపుల్లో వేశారు. ఉద్యమంలోనే చీలిక వచ్చింది. యూనియన్ సైన్యం వచ్చాక ఆయుధాలు దించుదామన్న వాళ్లలో భువనగిరి దగ్గరి బొల్లేపల్లికి చెందిన రావి నారాయణరెడ్డి ఒకరు. కొనసాగించాలన్న వాళ్లు నల్లమల అడవులకూ గోదావరి తీరానికీ తరలి ఇంకా మూడేళ్లు పోరాడారు. కమ్యూనిస్టు పార్టీ పోరాటాన్ని విరమించింది 1951 అక్టోబరు 21న. ఆ మూడేళ్లలో చనిపోయిన వాళ్ల ఇళ్లకు వెళ్లి, పోరాటం సెప్టెంబరు 17తో ముగిసిందని ఎవరైనా చెప్పగలరా?

భూమి చట్టాలూ ఒక్కరోజున రాలేదు. జాగీర్ల రద్దు 1949 ఆగస్టులో వచ్చింది. కౌలుదారీ చట్టం 1950లో. రక్షిత కౌలుదారులకు భూమి హక్కు ఇస్తూ ఆ చట్టంలోకి తర్వాత చేరిన 38-ఇ సెక్షన్ పేరు మన తహశీల్ ఆఫీసుల దగ్గర ఇప్పటికీ వినిపిస్తూనే ఉంటుంది, రక్షిత కౌలుదారుల వారసులు ఇంకా తిరుగుతూనే ఉన్నారు. అన్నిటికంటే గట్టి సాక్ష్యం పోచంపల్లి. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే ఆ ఊరికి వచ్చినప్పుడు దళితులు ఆయనను అడిగింది ఎనభై ఎకరాల భూమి. వెదిరె రామచంద్రారెడ్డి వంద ఎకరాలు ఇస్తానని లేచాడు, భూదానం అక్కడ పుట్టింది. దొరల భూములు 1948 సెప్టెంబరు 17నే పేదలకు దక్కి ఉంటే, రెండున్నరేళ్ల తర్వాత పోచంపల్లి దళితవాడకు ఎనభై ఎకరాలు అడుక్కోవాల్సిన అవసరం ఎందుకొచ్చింది?

జిల్లా జనం ఈ లెక్క మరిచిపోలేదు. 1952 ఎన్నికల్లో కమ్యూనిస్టు పార్టీ మీద ఇంకా నిషేధమే. పీడీఎఫ్ (పీపుల్స్ డెమొక్రాటిక్ ఫ్రంట్) పేరుతో నిలబడ్డ రావి నారాయణరెడ్డికి నల్లగొండ లోక్‌సభ స్థానంలో నెహ్రూకు వచ్చిన వాటికంటే ఎక్కువ ఓట్లు పడ్డాయి. (అది ఇద్దరు సభ్యుల నియోజకవర్గం, నెహ్రూదీ అంతే.) ఆలేరు నుంచి ఆరుట్ల కమలాదేవి అసెంబ్లీకి వెళ్లింది. సమస్య తీరిపోయిన జిల్లా ఓటేసే తీరు ఇది కాదు.

మతం మాటకు వస్తాను. రజాకార్ల నాయకుడు కాసిం రజ్వీ మత విద్వేషంతోనే మాట్లాడాడు, దాన్ని దాచాల్సిన పని లేదు. కానీ విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి ఏ మతం? ఆ దేశ్‌ముఖ్ మీద భూమి కోసం కోర్టుకెక్కి, చివరికి హత్యకు గురైన షేక్ బందగీ ఏ మతం? హైదరాబాద్ భారతదేశంలో కలవాలని తన ‘ఇమ్రోజ్’ పత్రికలో రాసినందుకు 1948 ఆగస్టులో రజాకార్లు నరికి చంపిన సంపాదకుడు షోయబుల్లాఖాన్ ముస్లిమే. కమ్యూనిస్టు కవి మగ్దూం మొహియుద్దీన్ పేరు తీసేస్తే పట్నంలో కార్మికోద్యమ చరిత్రే ఉండదు.

రక్తం చిందలేదన్నది ఇక్కడ ఎవరూ అనకూడని మాట. సైనిక చర్య తర్వాత జరిగిన హింస మీద నెహ్రూ పంపిన సుందర్‌లాల్ బృందం, తక్కువలో తక్కువ అంచనాగా 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారని రాసింది. చనిపోయిన వాళ్లలో ఎక్కువమంది ముస్లింలు. ఘోరంగా దెబ్బతిన్నవి ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలు. ఆ నివేదికను దశాబ్దాల పాటు బయటపెట్టలేదు. రజాకార్లు చంపిన వాళ్లకోసం ఏడ్చే గుండె వీళ్లకోసం ఏడవకూడదని రూలేమీ లేదు.

ఆ పోస్టు పాలమూరు ఊసే ఎత్తదు. ఇక్కడ ఉద్యమమే లేదన్నట్టు ఉంటుంది. 1947 అక్టోబరు 7న ఆత్మకూరు, అమరచింత ప్రాంతంలోని అప్పంపల్లిలో నిజాం పోలీసులు జనం మీద కాల్పులు జరిపారు. 11 మంది చనిపోయారు. సెప్టెంబరు 17 ఉపన్యాసం రాయించే సార్లకూ మేడంలకూ నా విన్నపం ఒక్కటే. ఆ ఫార్వర్డును పక్కన పెట్టి, కడవెండి జూలై 4నూ, అప్పంపల్లి అక్టోబరు 7నూ, పోచంపల్లి ఏప్రిల్ 18నూ పిల్లల చేత రాయించండి. ఆ ఊళ్లు మనకు దూరమేమీ కాదు, బస్సెక్కించి తీసుకెళ్లి చూపించొచ్చు కూడా.