ముందు సీటు ఒక్కటే

(కూకట్‌పల్లిలో డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్. ఇంకా పాలబ్బాయి కూడా రాలేదు. హాల్లో ల్యాప్‌టాప్ ముందు వరలక్ష్మి. దుప్పటి కప్పుకుని సూర్యం వస్తాడు.)

సూర్యం: ఈ వేళప్పుడు ఏంటే ఆ టకటకలు? దొంగలు పడ్డారనుకున్నా.

వరలక్ష్మి: దొంగలైతే లైటు వేసుకుంటారా? లండన్‌లో ఇప్పుడే అర్ధరాత్రి అయింది. బ్రిటిష్ ఎయిర్‌వేస్ వాళ్ళు కార్డు పాయింట్లతో కొనుక్కునే సీట్లు వదిలే టైము. ప్రయాణానికి 355 రోజుల ముందే తెరుస్తారు.

సూర్యం: 355 రోజులా! అప్పటికి మనం ఉండొద్దూ?

వరలక్ష్మి: లేకపోతే రద్దు చేసుకోవచ్చు. పాయింట్లు వెనక్కొస్తాయి. కాస్త ఛార్జీ పట్టుకుంటారంతే.

సూర్యం: ఎంత ధైర్యం చెప్పావే! అది సరే గానీ, మొన్న కార్డు బిల్లులో ఫ్రిజ్జు ఉంది. మనింటికి ఏ ఫ్రిజ్జూ రాలేదే?

వరలక్ష్మి: అది పక్కింటివాళ్ళది. డబ్బు ఇచ్చేశారు. పాయింట్లు మనకి మిగిలాయి.

సూర్యం: మరి ఆ పట్టుచీరలు?

వరలక్ష్మి: మా పిన్ని కూతురి పెళ్ళివి. ఏం చేయమంటారు? పెట్రోలుకి పాయింట్లు రావు. అద్దె కడదామంటే పైన ఫీజు గుంజుతున్నారు. ఇక ఊళ్ళోవాళ్ళ పెళ్ళిళ్ళే దిక్కు.

సూర్యం: ఇంతా చేస్తే అవి ఇప్పుడు ఎక్కడున్నాయి?

వరలక్ష్మి: బ్యాంకు నుంచి ఖతార్ ఎయిర్‌వేస్ ఖాతాలోకి పంపా. 2022 నుంచి వాళ్ళవి కూడా బ్రిటిష్ ఎయిర్‌వేస్ వాళ్ళలాగే ఏవియోస్ అనే పాయింట్లే. అక్కణ్ణుంచి బ్రిటిష్ ఎయిర్‌వేస్‌లోకి మార్చా.

సూర్యం: అంటే మనకన్నా ముందు పాయింట్లే విదేశాలు తిరిగొచ్చాయన్నమాట. మళ్ళీ బ్యాంకుకి తెచ్చుకోవచ్చా?

వరలక్ష్మి: కుదరదు. ఒకసారి పంపితే పంపినట్టే.

సూర్యం: అత్తారింటికి పంపిన పిల్లయినా పండక్కి పుట్టింటికొస్తుంది కదే! (స్క్రీన్‌లోకి తొంగిచూసి) ఇదేంటి? ఫ్రీ అన్నావు, ఇక్కడేమో రూపాయలు కనిపిస్తున్నాయి!

వరలక్ష్మి: పన్నులు, సర్‌ఛార్జీలు. సీటుకి పాయింట్లు, మిగతావాటికి డబ్బు.

సూర్యం: మిగతావేంటి? విమానంలో సీటు కాక ఇంకేం అమ్ముతారు?

వరలక్ష్మి: అసలు బిజినెస్ క్లాసు కొంటే ఎంతవుతుందో తెలుసా? అందులో ఎంత మిగిల్చానో చూడండి.

సూర్యం: నిన్న నేను పదిహేను లక్షల కారు కొనలేదు. ఆ మిగిలిన పదిహేను లక్షలు ఏ బీరువాలో ఉన్నాయో చూపించు.

(వరలక్ష్మి వినిపించుకోదు. పాయింట్లు కూడబెట్టేవాళ్ళకి అది మొదట అబ్బే విద్య.)

సూర్యం: తిరిగొచ్చేటప్పుడు కూడా బిజినెస్సేనా?

వరలక్ష్మి: ఎకానమీ. లండన్‌లో విమానం ఎక్కేవాళ్ళ దగ్గర అక్కడి ప్రభుత్వం ప్రయాణికుల పన్ను వసూలు చేస్తుంది. మన దూరానికి బిజినెస్ వాళ్ళకి ఎకానమీకి రెట్టింపు పైనే. ఇక్కణ్ణుంచి వెళ్ళి దిగేవాళ్ళకి ఆ పన్ను లేదు.

సూర్యం: వస్తే ఊరికే, పోతే పన్నా? చుట్టం పోతానంటే సంతోషిస్తారు గానీ!

వరలక్ష్మి: (కెవ్వుమని) వదిలారు! అయ్యో, అప్పుడే ఎవరో ఎగరేసుకుపోయారు. ముందు ఒక్కటే మిగిలింది. రెండోది వెనకాల ఎకానమీలో.

సూర్యం: నాకు నడుం నొప్పి.

వరలక్ష్మి: ఎప్పట్నుంచి?

సూర్యం: ఇప్పట్నుంచి. ఆ సీటు మంచంలా వాలుతుందన్నావుగా.

వరలక్ష్మి: ఆ సీటువాళ్ళకి 32 కిలోల పెట్టెలు రెండు ఇస్తారు. పిల్లకి ఆవకాయ, మాగాయ, కందిపొడి, అల్లుడికి అరిసెలు అన్నీ అందులోనే. లండన్‌లో బెల్టు మీంచి దించుకోవాలి. ఆ నడుంతో దించుతారా?

సూర్యం: ఇది పడుకుంటే తగ్గే నొప్పే.

వరలక్ష్మి: పెట్టె ఎత్తితే పెరిగేదీ అదే. పాయింట్లు నావి, సీటు నాది.

సూర్యం: బిల్లు కట్టింది నా పెన్షన్.

వరలక్ష్మి: ఇదిగో, మళ్ళీ లాగిన్ అడుగుతోంది. మీ ఫోన్‌కి ఓటీపీ వచ్చుంటుంది, చెప్పండి.

సూర్యం: (ఫోన్ దుప్పట్లోకి లాక్కుని) ముందు సీటు ఎవరి పేరు మీద?

వరలక్ష్మి: ముందు నంబరు చెప్పండి!

సూర్యం: పోనీ చెరిసగం. కాస్పియన్ సముద్రం దాకా నువ్వు, అక్కణ్ణుంచి నేను.

వరలక్ష్మి: లేచి సీటివ్వడానికి ఇదేమన్నా సిటీ బస్సా? అవతల టైమైపోతోంది. సరే, మీరే కూర్చోండి. చెప్పండి!

సూర్యం: (అనుమానంగా) ఇంత తేలిగ్గా ఒప్పుకున్నావేంటి?

వరలక్ష్మి: నడుం నొప్పన్నారుగా.

సూర్యం: నాలుగు... ఏడో ఒకటో... నా కళ్ళజోడేదే?

వరలక్ష్మి: మంచం పక్కన స్టూలు మీద.

(సూర్యం లోపలికి వెళ్తాడు. ఫోన్ సోఫాలోనే ఉంది. వరలక్ష్మి నంబరు చూసి కొట్టేస్తుంది. ఆ తర్వాత కూడా కొడుతూనే ఉంటుంది.)

సూర్యం: (లోపల్నుంచి) ఓటీపీ ఆరంకెలేగా! అంతసేపు ఏం కొడుతున్నావే?

వరలక్ష్మి: మీ ఇంటిపేరండీ! పెద్దది కదా!