మెట్రో స్టేషన్ దాకా చేర్చే బాధ్యత ఎవరిది?

2017 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన మెట్రో రైలు విధానంలో మంచి నిబంధనలకు కొదవ లేదు. మెట్రో కోరే రాష్ట్రం ముందుగా నగరానికి సమగ్ర రవాణా ప్రణాళిక సిద్ధం చేయాలి. బీఆర్‌టీఎస్ (బస్సులకే ప్రత్యేకించిన దారి), ట్రామ్, లైట్ రైలు వంటివి మెట్రో కంటే తక్కువ ఖర్చుతో సరిపోతాయేమో లెక్క తేల్చాలి. స్టేషన్‌కు అటూ ఇటూ 5 కిలోమీటర్ల వరకు ఫీడర్ బస్సులు (స్టేషన్‌కు ప్రయాణికులను చేర్చేవి), నడక దారులు, సైకిల్ దారులు కల్పిస్తామని ప్రాజెక్టు నివేదికలోనే మాటివ్వాలి. అన్ని రవాణా వ్యవస్థలనూ కలిపి చూసే ఒకే మహానగర సంస్థ ఉండాలి.

ఆ మాట నిలబెట్టుకున్నారా లేదా అన్నది ఎవరు చూస్తారు? ఇక్కడే అసలు లోపం. వంతెన స్తంభాలు లేచాయా, సొరంగం తవ్వారా అన్నది ఇంజినీర్లు కొలుస్తారు, బిల్లులు చెల్లిస్తారు. స్టేషన్ మెట్లు దిగిన మనిషికి కాలిబాట ఉందా, పది నిమిషాల్లో బస్సు వస్తుందా అన్నది ఏ బిల్లుకూ అడ్డురాదు.

హైదరాబాద్ తొలి దశ ఈ విధానానికి ముందుదే. అయినా పాఠం అక్కడే ఉంది. దాదాపు 69 కిలోమీటర్ల మేర మూడు మార్గాల్లో మెట్రో నడుస్తోంది. మహానగరానికి ఏకీకృత రవాణా సంస్థ అవసరమని 2008 నాటి హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) చట్టమే గుర్తించింది. అయినా బస్సు ఏ దారిలో వెళ్లాలో ఆర్టీసీ నిర్ణయిస్తుంది, ఎంఎంటీఎస్ లోకల్ రైళ్ల వేళలు రైల్వే చేతిలో ఉంటాయి, కాలిబాట నగరపాలక సంస్థది. ఎవరి బడ్జెట్ వారిది. ప్రయాణికుడు మాత్రం ఒక్కడే. షేర్ ఆటోకు, మెట్రోకు, మళ్లీ ఆటోకు చెల్లించి లెక్క చూసుకుంటే బైకే చవకనిపిస్తుంది. రైలు ఎంత వేగంగా వెళ్లినా ఆ లెక్క మారదు.

విశాఖ, విజయవాడలకు మెట్రో సాధ్యాసాధ్యాలు పరిశీలించాలని 2014 విభజన చట్టం చెప్పింది. 2017 తరువాత కొత్త విధానం ప్రకారం ప్రతిపాదనలు మళ్లీ పంపమన్నారు. వేల కోట్ల ప్రజాధనం పెట్టే పనికి కఠిన పరీక్ష తప్పనిసరి, అందులో నాకు అభ్యంతరం లేదు. కానీ మెట్రో కోసం ఎదురుచూసే ఏళ్లలో నగర బస్సులు ఎన్ని పెరగాలో ఈ విధానం అడగదు. ఆ ఏళ్లలో ఉద్యోగాలకు, ఆసుపత్రులకు జనం బస్సుల్లోనే వెళ్లాలి కదా!

కేంద్రం నిధులను ఫీడర్ హామీలతో ముడిపెట్టి, చివరి విడత నిలిపి ఉంచాలి. ఏ స్టేషన్‌కు ఎన్ని బస్సులు, ఎన్ని మీటర్ల కాలిబాట అన్నది తెలుగులో బహిరంగంగా ప్రకటించాలి. విశాఖ, విజయవాడల్లో తొలి రైలు నడిచే లోపే ఆ బస్సులు రోడ్డెక్కాలి.