ఒంటి తుమ్ము

మా బావగారు హెల్మెట్ పెట్టుకోరు. షుగరు మూడొందలు దాటినా పూతరేకులు మానరు. గ్యాస్ వాసన వస్తుంటే, ఎక్కణ్ణుంచో చూద్దామని లైటు వేసే మనిషి. అంతటి ధీరుణ్ణి గజగజ వణికించే శక్తి ఈ భూమ్మీద ఒక్కదానికే ఉంది. అది నా ముక్కు.

నీడలోంచి ఎండలోకి వస్తే నాకు తుమ్ము వస్తుంది. కుట్ర చేసి తెచ్చుకున్నది కాదు, మా నాన్నగారి ఆస్తి. (మిగతా ఆస్తి అన్నయ్యకు వెళ్ళింది.) తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం సగానికి సగం. వెలుతురు కబురు మోసే నాడికీ, ముక్కు సంగతి చూసే నాడికీ ఎక్కడో లంకె పడటం వల్ల కావచ్చంటారు. డాక్టర్లు దీనికి ముద్దుగా ‘అచ్చూ సిండ్రోమ్’ అని పేరు కూడా పెట్టారు. ఎండ చూస్తే తుమ్మెందుకని పూర్వం గ్రీకు దేశంలో అరిస్టాటిల్ సంప్రదాయం వాళ్ళు కూడా బుర్ర బద్దలు కొట్టుకున్నారు. పాపం, వాళ్ళకి మా బావగారు దొరకలేదు. టక్కున చెప్పేవారు: ప్రయాణం చెడగొట్టడానికి.

మొన్న సోమవారం ఆయన విజయవాడ వెళ్ళాలి. రైలు ఎనిమిదిన్నరకి. సోమవారం రాహుకాలం 7:30 నుంచి 9 దాకా కాబట్టి 7:15కే గడప దాటాలని తీర్మానం. సరిగ్గా అప్పుడే గేటు దగ్గర ఎదురు రావాలని పాలబ్బాయికి ముందురోజే చెప్పి పెట్టారు. ‘ఎక్కడికండీ’ అని అడిగే అలవాటున్న ఎదురింటాయన లోపలికి వెళ్ళేదాకా కిటికీలోంచి కాపు కాశారు. అన్నీ కుదిరాయి. సాగనంపుదామని నేనూ గుమ్మంలోకి వచ్చాను. ఎండ మొహాన పడింది.

హాచ్!

బావగారు నిప్పు తొక్కినట్టు కాలు లోపలికి లాక్కున్నారు. కూర్చున్నారు. అక్క మంచినీళ్ళిచ్చింది. ఐదు నిమిషాలు ఇంటిల్లిపాదీ మౌనం పాటించాం. లేచారు. మళ్ళీ తుమ్మాను. ఇక్కడొచ్చింది ధర్మసందేహం. ఒంటి తుమ్ము చెడ్డది, జంట తుమ్ములు మంచివి. మరి ఐదు నిమిషాల ఎడంతో వచ్చిన రెండోది మొదటిదానికి జంటా, లేక విడిగా ఇంకో ఒంటి తుమ్మా? పంతులుగారికి ఫోన్ చేశారు. ఆ రెండూ ఒకే గుక్కలో వచ్చాయా అని ఆయన అడిగారట. వాంగ్మూలానికి నన్ను పిలిచారు. ఫోన్ అందుకుందామని గుమ్మం దగ్గరికి వెళ్ళాను. మూడోది వచ్చింది.

టైము 7:26. నన్ను వెనక గదిలోకి తోసి తలుపేశారు.

గదిలో చీకటి. మంచం అంచున అప్పటికే అత్తయ్య కూర్చుని ఉంది. బావగారి అమ్మ. "నువ్వూ వచ్చావా బాబూ, కూర్చో" అని కాస్త జరిగి చోటిచ్చింది. ఆవిణ్ణి ఎవరూ తోయలేదు. మామయ్య పోయి పదకొండేళ్ళు. అప్పట్నుంచి ఇంట్లో ఎవరు ప్రయాణమైనా, ఎదురు పడకూడదని ఆవిడే వచ్చి ఇక్కడ కూర్చుంటుందట.

తుమ్మంటే నా ముక్కు తప్పు, సరే. ఈవిడ చేసిన తప్పేమిటి? మొగుడు చచ్చిపోవడమా? వితంతు వివాహ చట్టం వచ్చింది 1856లో. రాజమండ్రిలో ఊరు ఎదురు తిరిగినా లెక్కచేయకుండా కందుకూరి వీరేశలింగం మొదటి వితంతు వివాహం జరిపించింది 1881 డిసెంబర్ 11న. ఇన్నేళ్ళ తర్వాత, పెళ్ళి సంగతి దేవుడెరుగు, కన్నకొడుకు ఊరెళ్తుంటే గుమ్మంలో నిలబడి ‘జాగ్రత్త నాన్నా’ అనే యోగం కూడా లేదు ఆ తల్లికి. ఆవిడ మొహం కీడట. తెల్లవారుజామున లేచి ఆవిడ కలిపిన పులిహోర మాత్రం కీడు కాదు, డబ్బాలో కూర్చుని దర్జాగా రైలెక్కుతుంది. సిగ్గుండాలి.

బయట ఆటో కదిలిన చప్పుడు.

"వెళ్ళాడా?" అంది అత్తయ్య.

"వెళ్ళారు."

"పులిహోర డబ్బా పట్టుకెళ్ళాడో లేదో."

వచ్చే సోమవారం బావగారికి మళ్ళీ ప్రయాణం ఉంది. ఆ పూటకి రావద్దని అక్క ముందే ఫోన్ చేసి చెప్పింది. వస్తాను. అత్తయ్యని చెయ్యి పట్టుకుని గుమ్మంలోకి తీసుకొచ్చి, ఆవిడ పక్కనే నిలబడి, తలెత్తి సూర్యుణ్ణి చూస్తాను.