కాంటా వాళ్లింట్లోనే ఉంది

ఆన్‌లైన్ వ్యాపారంలో ఇద్దరి మధ్య నమ్మకం పెరగాలంటే మొట్టమొదట చేయాల్సిన పని, ఏదీ రాసుకోకపోవడం. రాసుకున్నారంటే నమ్మలేదన్నట్టే గదా. ఈ సూత్రం పాలమూరు, నల్లగొండ వైపు ఇప్పటికే చక్కగా అమలవుతోంది. గద్వాల చీరల దుకాణమాయన ఇన్‌స్టాగ్రామ్‌లో రీల్స్ చేసే ఆమెకు ఫోన్ చేస్తాడు. "అక్కా, నేనిచ్చే లింకు నీ పేజీలో పెట్టు, దాని మీద అమ్మిన చీరకు పది శాతం నీది. కాగితాలెందుకు, మనం మనం ఒకటే గదా!" ఆమె "సరే అన్నా" అంటుంది. ఒప్పందం నలభై సెకన్లలో అయిపోతుంది. దాని పంచాయితీ మాత్రం రెండు దసరాలు నడుస్తుంది.

మాట మీద నడిచిన నేల మనది అంటారు కొందరు. నిజమే. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వినోబా భావే భూమిలేని వాళ్ల కోసం అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి నిలబడ్డ చోటనే నూరెకరాలు ఇస్తానన్నారు. కాకపోతే అట్లాంటి దానాలను నిలబెట్టడానికి బోర్డు పెట్టాల్సి వచ్చింది, 1965లో చట్టం చేయాల్సి వచ్చింది. ఊరికే ఇచ్చిన భూమికే అన్ని కాగితాలు పట్టాయి. పది శాతం కమీషన్‌కు వాట్సాప్‌లో ఒక వాయిస్ మెసేజ్ చాలని మన ధీమా.

మార్కెట్ యార్డులో పెద్దలు ఎంత అపనమ్మకం పేర్చిపెట్టారో చూడండి. సరుకు రైతుది, అమ్మిపెట్టేది అడ్తిదారు, కొనేది ఇంకొకరు. కాంటా పట్టేది మాత్రం ఈ ముగ్గురిలో ఎవరూ కాదు, లైసెన్సున్న దడ్వాయి. తూకమయ్యాక బరువు, ధర, కోతలు రాసిన చీటీ, అంటే తక్‌పట్టీ, రైతు చేతిలో పెట్టాలి. ఆన్‌లైన్‌లో ఈ లొల్లి లేదు. లింకు ఎందరు నొక్కారు, ఎందరు కొన్నారు, ఎన్ని వాపసొచ్చాయి అని చూపించే డ్యాష్‌బోర్డు దుకాణం వాళ్ల దగ్గరే ఉంటుంది. అమ్మేది వాళ్లే, తూచేది వాళ్లే, తక్‌పట్టీ రాసేది వాళ్లే. అక్కకు నెలాఖరున వచ్చేది ఒక అంకె.

ఆ అంకె పుట్టుక చూద్దాం. చీర 8,000 రూపాయలు. అక్క లింకు మీద 40 ఆర్డర్లు వచ్చాయి. పది శాతం చొప్పున 32,000 అని ఆమె ఇంట్లో చెప్పేసింది, ఇంట్లో వాళ్లు ఫ్రిజ్ కూడా చూసొచ్చారు. 40లో రెండు పంపకముందే రద్దయ్యాయి. క్యాష్ ఆన్ డెలివరీ వాటిలో తొమ్మిది గడప దగ్గరి నుంచే వెనక్కి వచ్చాయి. కొరియర్ వాళ్లు దీన్ని ఆర్‌టీఓ (రిటర్న్ టు ఒరిజిన్) అంటారు, బండి లైసెన్సుతో సంబంధం లేదు. ఇంకో మూడు, ఫోన్‌లో కనిపించిన రంగు కాదని వాపసొచ్చాయి. మిగిలినవి 26. కమీషన్ 20,800. ధరలో కలిసున్న 5 శాతం జీఎస్టీ తీసి లెక్కేస్తే 19,810. వెనక్కొచ్చిన చీరల కొరియర్ ఖర్చు కూడా ఇందులోనే కోస్తే ఫ్రిజ్ సంగతి మరిచిపోవచ్చు. ఈ తరుగులో చాలామటుకు న్యాయమైనదే. ఏది కోస్తారు, దేని మీద కోస్తారు అని మొదటి రోజే అడిగితే నలభై సెకన్ల ఒప్పందం పది నిమిషాలయ్యేది, అంతే. కానీ అట్లా అడగడం మర్యాద కాదు.

ఇది లెక్కలోకి వచ్చిన చీరల సంగతి. అసలు లెక్కలోకే రానివి వేరు. లింకు నొక్కగానే బ్రౌజర్‌లో కుకీ అనే గుర్తు పడుతుంది. ఆ గుర్తు బతికున్నంత కాలం జరిగిన అమ్మకమే అక్క ఖాతాలో చేరుతుంది. అమెజాన్ లాంటి చోట దాని ఆయుష్షు 24 గంటలు. 24 గంటల్లో గద్వాల చీర కొనే ఇల్లు ఈ జిల్లాల్లో ఉందా? ఫొటో ఆడబిడ్డకు పోవాలి, అంచు దగ్గర్నుంచి చూపించమని అత్తగారు అడగాలి, జీతం పడాలి. అప్పటికి కుకీకి దినాలు కూడా అయిపోతాయి. పైగా ఇన్‌స్టాగ్రామ్‌లో నొక్కిన లింకు దాని సొంత బ్రౌజర్‌లో తెరుచుకుంటుంది. వారం తర్వాత కొనే ఆమె క్రోమ్‌లోకి పోయి దుకాణం పేరు కొట్టి కొంటే, ఆ గుర్తు అక్కడ ఉండదు. చీర అమ్మించింది అక్క, లెక్కలో మాత్రం ఎవరూ కాదు.

దీనికి మందు కూపన్ కోడ్ అంటారు, కొనేవాళ్లు అది కొడితే ధర తగ్గుతుంది, ప్రచారం చేసే ఒక్కొక్కరికి వేరే కోడ్. మంచి మందే, కానీ అదీ కారుతుంది. ఆ కోడ్ కూపన్లు పోగేసే సైట్లకు ఎక్కితే, చీర బుట్టలో వేసుకుని డబ్బు కట్టబోతున్న మనిషి చివరి నిమిషంలో వెతికి అదే కొడతాడు. అక్క పేరు కూడా తెలియని వాడికి చీర అమ్మినందుకు అక్కకు కమీషన్. ఈసారి కడుపుమంట దుకాణమాయనది.

ఆయనకు ఇంకో మంట కూడా ఉంది. అక్క లక్షా ఇరవై వేల ఫాలోయర్ల స్క్రీన్‌షాట్ పంపింది. స్క్రీన్‌షాట్‌ను ఎవరైనా దిద్దొచ్చు. వీడియో కాల్‌లో ఇన్‌సైట్స్ పేజీ తెరిపిస్తే గత 30 రోజుల్లో ఎందరికి చేరిందో, వాళ్లే ఊళ్లవాళ్లో తేలిపోతుంది. హైదరాబాద్, మహబూబ్‌నగర్ ఉండాల్సిన చోట నోరు తిరగని విదేశీ పట్టణాలుంటే, ఆ ఫాలోయర్లు గద్వాల చీర కట్టే రకం కాదు. కానీ అక్కను వీడియో కాల్‌లో అట్లా అడుగుతామా?

ఇద్దరూ ఒకరినొకరు బాగా నమ్మి కొనేవాళ్లను ముంచే పద్ధతి మరొకటి. పోచంపల్లి ఇక్కత్‌లో నూలుకు ముందే చిటికీ కట్టి, అంటే రంగు అంటకూడని చోట ముడులేసి, రంగులద్ది తర్వాత నేస్తారు, కాబట్టి డిజైన్ రెండువైపులా ఒకేలా కనబడుతుంది, గీతల అంచుల్లో రంగు కాస్త పాకినట్టుంటుంది. అచ్చు వేసిన నకలు చీరను తిప్పితే వెనకవైపు వెలవెలబోతుంది. అందుకే రీల్‌లో చీర ఒక్కసారీ తిరగదు. అక్క మాత్రం మూడుసార్లు తిరుగుతుంది.

చట్టం కూడా ఉంది. 2022 జూన్ 9 నాటి కేంద్ర మార్గదర్శకాల ప్రకారం డబ్బు తీసుకున్నా, చీర ఉత్తగ తీసుకున్నా చూసేవాళ్లకు స్పష్టంగా చెప్పాలి. తప్పుదోవ పట్టించే ప్రచారానికి 10 లక్షల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా పడొచ్చు. మనవాళ్లు కూడా చెబుతున్నారు, హ్యాష్‌ట్యాగుల్లో చిట్టచివరిది అదే.

కొందరు మొరటు మనుషులు మాత్రం వేరే దారిన పోతున్నారు. మొదట పది రోజులు, ఒకే రకం చీరతో పరీక్ష పెట్టుకుంటారు. పని మొదలు కాకముందే చుట్టాల ఫోన్‌లోంచి తమ లింకు మీద ఒక చీర కొని, అది లెక్కలో పడిందా లేదా చూస్తారు. ఆర్డర్ నంబరు, తేదీ, ధర, చేరిందా వాపసా అనే గడులతో ఒక షీటు పెట్టి ఇద్దరూ చూసేలా ప్రతి శనివారం నింపుతారు. వాపసు గడువు దాటాక ఫలానా తేదీన డబ్బు అని ఒక పేజీ రాసుకుని సంతకాలు పెడతారు. ఇంత అనుమానం ఉన్నవాళ్లు మూడేళ్లుగా కలిసి ఎట్లా వ్యాపారం చేస్తున్నారో అంతుబట్టదు.

మర్యాదస్తులు ఇట్లాంటివి చేయరు. నెల దాటాక అక్క భయపడుతూ "అన్నా, పైసలు?" అని మెసేజ్ పెడుతుంది. రెండు నీలం టిక్కులు పడతాయి. మూడో రోజు జవాబు: "యాడికి పోతయక్కా, దసరా అయినంక చూద్దాం." ఏ దసరా అని అడగకూడదు. నమ్మకం దెబ్బతింటుంది.