జీపు సొమ్మొకడిది, సోకొకడిది

జీప్ కంపెనీ కార్ల మీద 'సిన్స్ 1941' అన్న బిళ్ల చూసే ఉంటారు. మొదటి జీపు తయారైంది మాత్రం 1940లో! మరి 1941 ఏమిటంటే, విల్లీస్ అనే అమెరికా కార్ల కంపెనీకి సైన్యం నుంచి జీపుల పెద్ద ఆర్డరు దక్కిన ఏడాది. యుద్ధకాలంలో కార్ల కంపెనీల దేశసేవ గురించి ఎవరు ఊదరగొట్టినా నాకు ఆ బిళ్లే గుర్తొస్తుంది.

1940 వేసవిలో అమెరికా సైన్యం 135 కంపెనీలకు కబురు పెట్టింది. సైనికులు తిరగడానికి చిన్న బండి ఒకటి చేయాలని, దాని నమూనా 49 రోజుల్లో కావాలంది. సరేనన్నది పెన్సిల్వేనియాలోని బట్లర్‌లో దివాలా అంచున ఉన్న బాంటమ్ అనే చిన్న కార్ల కంపెనీ. కార్ల్ ప్రోబ్స్ట్ అనే ఇంజినీరు రెండు రోజుల్లో డ్రాయింగులు గీశాడు. సెప్టెంబర్ 23న, గడువు ఇంకో అరగంట ఉందనగా బండి పరీక్షలు జరిగే హోలాబర్డ్ సైనిక శిబిరం చేరింది.

అక్కడి నుంచే మొదలైంది అసలు ఆట. పరీక్షల దగ్గరికి విల్లీస్, ఫోర్డ్ మనుషులు వచ్చి బండిని కింద నుంచి పైదాకా చూసుకున్నారు. డ్రాయింగులను సైన్యమే వాళ్ల చేతిలో పెట్టింది. 1941 జూలైలో 16 వేల బండ్ల టెండరు తక్కువ ధర కోట్ చేసిన విల్లీస్‌కు వెళ్లింది. ఇంకో ఫ్యాక్టరీ అవసరమైనప్పుడైనా బాంటమ్ గుర్తొచ్చిందా? ఫోర్డ్‌ను పిలిచారు. ఆ ఫోర్డ్ బోల్టుల మీద కూడా 'ఎఫ్' అక్షరం గుద్దుకుంది! చివరికి విల్లీస్‌వి సుమారు 3.6 లక్షలు, ఫోర్డ్‌వి 2.8 లక్షలు. బాంటమ్‌వి 2,700 లోపే. జీపు పుట్టించినవాడికి జీపు వెనక తగిలించే ట్రెయిలర్ల పని మిగిలింది. జీపును సృష్టించింది తామేనన్న విల్లీస్ ప్రకటనలు తప్పని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1948లో తేల్చింది. అయితేనేం, 1950లో 'జీప్' ట్రేడ్‌మార్క్ విల్లీస్ పేరునే నమోదైంది.

బాంటమ్‌కు లక్షల బండ్లు చేసే సత్తా లేదంటారు. నిజమే. విల్లీస్ 60 హార్స్‌పవర్ ఇంజిన్ మెరుగైనదన్నదీ నిజమే. కానీ డ్రాయింగులు పంచిపెట్టిన సర్కారుకు ఆర్డరులో చెప్పుకోదగ్గ వాటా పంచడం రాలేదా?

మనకు జీపు పరిచయమైంది కూడా విల్లీస్ పేరుతోనే. మహీంద్రా వాళ్లు 1940ల చివర్లో బొంబాయిలో బిగించడం మొదలుపెట్టింది ఆ జీపులనే. పేరుతోపాటు ఆ కొనుగోలు బుద్ధి కూడా మనకు అబ్బినట్టుంది. మన రక్షణ శాఖ కొనుగోళ్లలో ఇప్పటికీ చాలావరకు ఎల్-1దే రాజ్యం: సాంకేతిక పరీక్ష నెగ్గినవాళ్లలో ఎవరు తక్కువ కోట్ చేస్తే వాళ్లకే పని. 2018లో ఐడెక్స్ అనే రక్షణ శాఖ పథకం పెట్టి స్టార్టప్‌లకు నమూనాల కోసం డబ్బులిస్తున్నారు, సంతోషం. కానీ బాలానగర్‌లోనో చర్లపల్లిలోనో చిన్న షెడ్డు నడిపేవాడికి కావాల్సింది నమూనా తర్వాత వచ్చే ఆర్డరు. బ్యాంకు కిస్తీ కట్టేది దాంతోనే. ఏళ్ల తరబడి తిప్పలుపడి ఒక పరికరం చేసినవాడినీ, దాన్ని చూసి రూపాయి తగ్గించి కోట్ చేసినవాడినీ ఒకే గాట కట్టే టెండరు ఎవరికి మేలు చేస్తుంది? నమూనా చేసినవాడికి మొదటి ఆర్డరులో ఇంత శాతమని టెండరు కాగితంలోనే రాసిపెట్టాలి.