జ్వరం ‘లభించదు’: ‘గెట్’ మీద తిరుగుతున్న మెసేజ్‌కి నా జవాబు

ఒక వాట్సాప్ మెసేజ్ ఈ నెలలో నాకు నలుగురు పంపారు. సారాంశం ఇది: ‘గెట్’ అనేది చదువురాని వాళ్ల ఇంగ్లీషు. దాని బదులు రిసీవ్, అబ్‌టెయిన్, అక్వైర్, ప్రొక్యూర్‌లలో ఏది పెట్టినా అర్థం ఒకటే. ‘గాట్ మ్యారీడ్’ వ్యాకరణ దోషం. ‘గాటెన్’ అనేది గెట్‌ని అమెరికా వాళ్లు పాడుచేసిన రూపం. విదేశాలకు వెళ్లేవాళ్లు రాసే ఇంగ్లీషు పరీక్ష ఐఈఎల్‌టీఎస్‌లో గెట్ వాడితే మార్కులు పోతాయి. ఇంగ్లీషు పాఠాలు చెప్పే మనిషిగా నాకు బాధ కలిగేది ఎందుకంటే, ఇది చదివిన పిల్లలు నోటికి వచ్చిన సరైన మాటను మింగేసి, తప్పు మాట కోసం వెతుక్కుంటున్నారు.

మొదటిది, చదువురాని వాళ్ల మాట అనడం. గెట్ ఇంగ్లీషులోకి వచ్చి సుమారు 800 ఏళ్లు. ఇంగ్లండు ఉత్తర, తూర్పు ప్రాంతాల్లో స్థిరపడ్డ వైకింగుల భాషలోని ‘గెటా’ దీనికి మూలం. రిసీవ్, అబ్‌టెయిన్ లాంటివి 1066లో ఫ్రాన్సు నుంచి వచ్చిన నార్మన్లు ఇంగ్లండును గెలిచిన తర్వాత ఫ్రెంచి, లాటిన్ దారిలో వచ్చాయి. కోర్టులోనూ కొలువులోనూ ఫ్రెంచి నడిచింది కాబట్టి ఆ మాటలకు పెద్దరికం అంటింది. గెట్ ఇంట్లో ఉండిపోయింది. అంతమాత్రాన అది తక్కువది కాలేదు. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్‌లో, సామెతల గ్రంథం నాలుగో అధ్యాయంలో, వివేకం సంపాదించుకోమని చెప్పే చోట వాడింది గెట్‌నే.

రెండోది, అన్నీ ఒకటే అనడం. అసలు నష్టం ఇక్కడుంది. మన భాషలోనే చూడండి. ఉద్యోగం వచ్చింది, జ్వరం వచ్చింది, కోపం వచ్చింది, ఉత్తరం వచ్చింది. ఈ నాలుగింటికీ ఇంగ్లీషులో గెట్ సరిపోతుంది. ‘ఉద్యోగం లభించింది’ అని పేపర్లో రాస్తారు, బాగానే ఉంటుంది. ‘నాకు జ్వరం లభించింది’ అంటే ఇంట్లో వాళ్లు మన వంక వింతగా చూస్తారు. ఒక అబ్బాయి సెలవు చీటీలో ‘ఐ రిసీవ్డ్ ఫీవర్’ అని రాసిచ్చాడు. అడిగితే ఫోన్ తీసి ఈ మెసేజే చూపించాడు. వాడి తప్పేముంది?

రిసీవ్‌లో ఇచ్చేవాడు ఒకడుంటాడు, మనం అందుకుంటాం: జీతం, పార్సిల్, ఫిర్యాదు. అబ్‌టెయిన్ అంటే అడిగి, తిరిగి, అర్హత చూపించి తెచ్చుకోవడం: అనుమతి, సర్టిఫికెట్. అక్వైర్ అంటే మన సొంతం చేసుకోవడం, లేదా కొంతకాలానికి అబ్బడం: ఆస్తి, నైపుణ్యం, ఒక కంపెనీ మరో కంపెనీని కొనడం. ప్రొక్యూర్ అంటే ప్రయత్నం చేసి సమకూర్చుకోవడం. మన ఊళ్లలో ధాన్యం కొనుగోలు కేంద్రాల దగ్గర ‘ప్రొక్యూర్‌మెంట్’ మాట అందరూ విన్నదే. భూసేకరణకి మాత్రం ‘ల్యాండ్ అక్విజిషన్’ అంటారు. ధాన్యం సేకరణ, భూసేకరణ అని తెలుగులో ‘సేకరణ’ ఒక్కటే, ఇంగ్లీషులో మాటలు రెండు. ఇక ఇంటర్వ్యూలో ‘ఐ ప్రొక్యూర్డ్ మై డిగ్రీ’ అన్నామంటే, చదివి తెచ్చుకున్నట్టు కాదు, ఎక్కడో ఏర్పాటు చేయించుకున్నట్టు వినిపిస్తుంది. కష్టపడి పాసైన పిల్లకి ఆ మాట అంటించడం ఎంత అన్యాయం!

ఐఈఎల్‌టీఎస్ సంగతి చిన్నది. పదసంపదకి మార్కులు వేసే ప్రమాణాలు అందరికీ అందుబాటులోనే ఉన్నాయి. నిషేధించిన మాటల జాబితా వాటిలో లేదు. ఏ మాట పక్కన ఏ మాట ఇముడుతుందో తెలియాలని ఉంది. వ్యాసంలో గెట్ తగ్గించడం మంచిదే, ఒప్పుకుంటాను. సంభాషణలో తీసేస్తే మాత్రం మాట కొయ్యబారిపోతుంది.

‘గాట్ మ్యారీడ్’ దోషం కాదు. ‘దే ఆర్ మ్యారీడ్’ అంటే పెళ్లయిన వాళ్లు, అది స్థితి. ‘దే గాట్ మ్యారీడ్’ అంటే పెళ్లి జరిగింది, అది సంఘటన. ‘గాట్ బీటెన్’, ‘గాట్ స్కోల్డెడ్’ కూడా ఇలాంటి వాడుకలే. మనం ‘కొట్టబడ్డాడు’ అనం, ‘దెబ్బలు తిన్నాడు’ అంటాం. ‘తిట్టబడ్డాడు’ అనం, ‘చీవాట్లు తిన్నాడు’ అంటాం. తెలుగులో ‘తిను’ చేసే ఆ పనినే ఇంగ్లీషులో గెట్ చేస్తోంది. ఇది నాకెప్పుడూ ముచ్చటగా అనిపిస్తుంది.

‘గాటెన్’ అమెరికా కల్పన కాదు. ఇందాకటి 1611 బైబిల్‌లోనే, ఆదికాండం నాలుగో అధ్యాయంలో, హవ్వ కయీనును కన్నప్పటి మాటల్లో ఉంది. బ్రిటన్ వాడుకలో అది వెనక్కి తగ్గింది, అమెరికాలో నిలిచింది. అయినా బ్రిటన్‌లో ‘ఫర్‌గాటెన్’ నేటికీ అంటూనే ఉన్నారు, అందులోనూ ఆ గాటెన్ లాంటి రూపమే కనిపిస్తుంది. పైగా అమెరికన్లకు దీనితో ఒక సౌకర్యం ఉంది: ‘ఐ హావ్ గాట్ ఎ టికెట్’ అంటే టికెట్ చేతిలో ఉంది, ‘ఐ హావ్ గాటెన్ ఎ టికెట్’ అంటే టికెట్ సంపాదించాను.

ఒకే పేరాలో గెట్ అయిదుసార్లు వస్తే మార్చండి, నేనూ మార్పిస్తాను. కానీ ఆ మెసేజ్‌లోని నాలుగు మాటలూ గెట్‌కున్న ఒక్క అర్థానికే పనికొస్తాయి. ‘గెట్ బెటర్’ని మార్చాలంటే ఇంప్రూవ్ కావాలి. ‘గెట్ హోమ్’కి రీచ్ కావాలి. ‘ఐ డోంట్ గెట్ ఇట్’కి అండర్‌స్టాండ్ కావాలి. ‘గెట్ అప్’ ఉన్నచోట అబ్‌టెయిన్ పెట్టి చూడండి, నిద్ర లేవడం ఎలాగో ఆ మెసేజ్ పంపినవాళ్లే చెప్పాలి.